భుజం మార్చుకునే చోటు

తిరుపతి,
అక్టోబరు నెల.

పూజ్యురాలైన వదినకు వరద నమస్కరించి రాసుకునేది.

ఫోన్లో చెప్పే మాటకు ఇన్ని కాగితాలు ఎందుకని నువ్వు అనుకుంటావు. ఫోన్లోనే చెప్పాలని చాలాసార్లు చూశాను. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. నీకు మరమగ్గాల మోతతో చెవులు సగం పోయాయి. నువ్వు స్పీకరు పెడతావు. నేనొక మాట అంటే షెడ్డులో ఉన్నవాళ్ళంతా "ఏమంటా ఉండాది నీ మరదలు" అని నిన్ను అడుగుతారు. పోయినసారి నేను ఇల్లు దొరికిందని చెబితే నువ్వు పిల్లి అని విని, పాలు పోసి కట్టేసుకోమన్నావు. ఫోన్ పెట్టేసి నవ్వుకున్నాను. కాసేపటికి ఏడుపు కూడా వచ్చింది. ఈ మాట నీ ఒక్కదానికే చేరాలి, నీ తమ్ముడు పక్కన లేనప్పుడు చేరాలి. అందుకని పదో తరగతి పరీక్షల తర్వాత మళ్ళీ ఇప్పుడే ఇంత పొడుగు రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

మేముండే ఇల్లు ఖాళీ చేయాలి. ఇంటాయన హరినాథ్ మెత్తగానే చెప్పాడు. కొండకు వచ్చేవాళ్ళకు రోజువారీ గదులుగా మార్చుకుంటాడట. "మీ మీద కోపం లేదక్కా, కాలం అట్లుండాది" అన్నాడు. కాలం ఎప్పుడూ మా ఇంటిమీదికే ఎందుకు వస్తుందో తెలియదు. భవిత పుట్టింది ఒక ఇంట్లో, బడికి పోయింది ఇంకో ఇంట్లో, పెళ్ళి చేసి పంపింది మరో ఇంట్లో. ఏ ఇంట్లో దిగినా ఇంటివాళ్ళ మొదటి మాట ఒక్కటే, గోడకు మేకు కొట్టొద్దని. నా దేవుడి పటాలు ఇన్నేళ్ళలో ఏ గోడకూ వేలాడలేదు వదినా. పీట మీద పెట్టి, గోడకు ఆనించి, జారకుండా ముందు ఒక ఇటుక పెడతాను. స్వామి పాదాలకు ఇటుక అడ్డం పెట్టి దీపం వెలిగించడం నాకు అలవాటైపోయింది. అలవాటైపోయిందనే ఈమధ్య ప్రాణం అలసిపోతోంది.

దొరికిన ఇల్లు పాత ఊళ్ళో ఉంది. గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో, ఒక చిన్న వేణుగోపాలస్వామి గుడికి దగ్గర. రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి మూడు గదులు, వెనక చిన్న గచ్చు, ముందు అరుగు. ఆటో లోపలికి రాదు. బండి నిలపడానికి చోటు లేదు. డబ్బున్నవాళ్ళు రేణిగుంట రోడ్డు వైపు ప్లాట్లు కొనుక్కుంటారు కానీ ఈ సందుల్లోకి రారు. మా చేతికి అందేది ఈ ఊళ్ళో ఇదొక్కటే.

అందడానికి ఇంకో కారణం కూడా ఉంది. వీధి నేరుగా వచ్చి ఆ ఇంటి తలుపుకు తగిలి, అక్కడి నుంచి కుడివైపుకు మళ్ళుతుంది. వీధిపోటు. నీ తమ్ముడు అరుగు ఎక్కబోయి వెనక్కి తిరిగి వీధిని చూశాడు. పైన పెట్టిన కాలు దించేశాడు.

"పోటుండే కొంప ఇది. పద మే" అన్నాడు.

ఇల్లు అమ్మే ఆమె నాగులమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేసి శ్రీకాళహస్తిలో తమ్ముడి దగ్గరికి పోతోంది. "ఏమప్పా, వీధి నిన్ను పొడిచిందా? నెత్తురు రాలేదే" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నీ మాటంటే ఆయనకు వేదం. ఆ ఇంటికి సరేననమని ఒక్క మాట చెప్పు వదినా. నేను పెళ్ళయిన నాటి నుంచి ఆయనను ఏదీ గట్టిగా అడగలేదు. ఇది అడుగుతున్నాను, అదీ నీ నోటితో.

నీ మరదలు,
వరద.


నగరి,
నవంబరు.

చిరంజీవి సౌభాగ్యవతి వరదకు వదిన సుబ్బులమ్మ ఆశీర్వదించి రాసేది.

మగ్గం ఆపి నీ జాబు చదివాను. నువ్వు పిల్లిని పెంచుతున్నావని షెడ్డులో అందరికీ చెప్పి ఉన్నాను. అది పోయిందని చెప్పాలి ఇప్పుడు.

నువ్వు అడిగింది నేను చెప్పలేను. కోపం చేసుకోవద్దు.

మా నాయన తిరుమలయ్య ఈ ఊళ్ళో కొన్న మొదటి ఇల్లు అట్లాంటిదే. నీకు ఎవరూ చెప్పి ఉండరు. వీధి చివర, తలుపుకు ఎదురుగా. చౌకగా వచ్చిందని కొన్నాడు. కొన్న ఏడాదే పోయాడు. మంచి మనిషి, మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నీ మొగుడు దేవరాజు అప్పుడు నిక్కర్లు వేసుకునే పిల్లవాడు. నాయనను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు వచ్చిన ప్రతి ముసలామె వాడి తల నిమిరి వీధిపోటు తినేసిందిరా అంది. వాడు ఆ మాట మోసుకుని పెరిగాడు. ఇప్పుడు వాడిని అట్లాంటి గడప తొక్కమని నా నోటితో ఎట్లా అంటాను?

ఒక దారి ఉంది. ఎవరన్నా సిద్ధాంతిని పిలిపించు. ఎదురు తలుపు మూసి గోడ కట్టి, పక్క సందులోకి వాకిలి పెట్టుకోమంటాడు. గోడ కడితే దేవరాజు ఒప్పుకుంటాడు. నాకు తెలుసు.

ఒంటి మీద ధ్యాస పెట్టుకో. ఇంటి కోసం తిండి మానేయవద్దు.

వదిన.


తిరుపతి,
డిసెంబరు.

వదినకు వరద నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మామగారి సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. జాబు చదివిన రోజు నీ తమ్ముడికి అన్నం వడ్డిస్తూ ఆయన ముఖం చూడలేకపోయాను.

కుప్పుస్వామి అని ఒక సిద్ధాంతి వచ్చాడు. వీధిలో నిలబడి చేయి చాపి చూసి, "తలుపు తీసేసి గోడ కట్టండి. గోడలో వినాయకుణ్ణి పెట్టండి. పోటు ఆయన సూసుకుంటాడు, మీరు పక్కనించి పోతా వస్తా ఉండండి" అన్నాడు. నువ్వన్నట్టే నీ తమ్ముడి ముఖం వెంటనే తేటపడింది. "అట్లయితే కొందాం" అన్నాడు. అంత తొందరగా సరేనంటాడని నేను అనుకోలేదు.

నాగులమ్మ ఒప్పుకోలేదు.

"తలుపు మూసేవాళ్ళకి నా ఇల్లు ఇయ్యను" అంది. అమ్ముడుపోని ఇల్లు పెట్టుకుని ఈ పట్టుదల ఏమిటని సిద్ధాంతి నవ్వాడు. ఆమె ఆయన వైపు చూడలేదు, నన్నే చూసింది. "మే, రేపు రోహిణి. సాయంత్రం వొచ్చి ఈడ కూసో. సూసినాక కూడా గోడ కడతానంటే అప్పుడు మాట్లాడదాం."

వెళ్ళాను. ఆ చిన్న గుడి స్వామిని ప్రతి నెలా రోహిణి నక్షత్రం నాడు ఊరేగిస్తారు. పెద్ద గుళ్ళ ఊరేగింపులాగా ఏనుగులు, గొడుగులు ఉండవు. ఒక నాదస్వరం, ఒక డోలు, ముందు దివిటీ పట్టుకున్న మనిషి, భుజాల మీద స్వామి వాహనం, వెనక పదిమంది ఆడవాళ్ళు. వీధి మొదట్లో దివిటీ కనపడగానే నాగులమ్మ హారతి పళ్ళెం తీసుకుని తలుపులో నిలబడింది. నేను ఆమె వెనకే నిలబడ్డాను.

వదినా, నేను కొండకు ఎన్నిసార్లు నడిచి వెళ్ళానో నీకు తెలుసు. అలిపిరి మెట్లు నా కాళ్ళకు బాగా తెలుసు. అక్కడ మనం పోతాం, క్యూలో నిలబడతాం, స్వామిని చూసే లోపలే పక్కకు నెడతారు. ఇక్కడ స్వామే నేరుగా మన వైపు వస్తున్నాడు. వీధంతా దాటి, ఇంకెక్కడా చూడకుండా, ఈ తలుపు మీదికే వస్తున్నాడు. తలుపు ముందు వాహనం ఆగింది. చూస్తే నా ముఖానికి, స్వామి ముఖానికి మధ్య అరుగు ఒక్కటే ఉంది. నాగులమ్మ హారతి ఇచ్చింది. ఎవరూ నన్ను పక్కకు నెట్టలేదు. కాసేపటికి వాహనం కుడివైపుకు మళ్ళిపోయింది.

"సూసినావు గదా. ఈ పొద్దు గోడుంటే సామి ఆ గోడనే సూసి పోవాల్సిందే" అంది నాగులమ్మ.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. తలుపు మూస్తే ఆమె ఇల్లివ్వదు. తెరిచి ఉంటే నీ తమ్ముడు కొనడు. పోనీ ఆమెకు చెప్పకుండా తర్వాత మూసేద్దామని నీ తమ్ముడు అన్నాడు. నిన్నటి నుంచి నాకు ఆ మాట గొంతు దిగడం లేదు. స్వామిని చూసిన తలుపును నా చేతులతో ఎట్లా మూయించను? హరినాథ్ మాఘమాసం దాకా గడువిచ్చాడు. గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టాను. ఎక్కడికని తెలియకుండానే కడుతున్నాను. చేతులకు అలవాటే కదా.

వరద.


నగరి,
డిసెంబరు.

వరదకు ఆశీస్సులు.

పోయిన జాబులో ఒక ముక్క రాయలేదు. రాయకూడదనే రాయలేదు. నీ జాబు చదివాక ఉంచుకోలేకపోతున్నాను.

నాయన పోయిన నెలకే అమ్మ ఆ తలుపు పీకించి గోడ కట్టించింది. మేస్త్రీకి ఇటుకలు అందించింది దేవరాజే. గోడ పూర్తయ్యాక అమ్మ వాడి భుజం పట్టుకుని "ఇంక మనకేం గాదు నాయనా" అంది. పిల్లవాడు, నమ్మాడు. నాకు అప్పటికే పెళ్ళీడు, నేను నమ్మలేదు. మగ్గాలు గోడ కట్టాకే అమ్ముడుపోయాయి. ఆ ముందు గదికి ఉన్న గాలి ఆ తలుపు నుంచే వచ్చేది. అమ్మకు అదే గదిలో ఆయాసం మొదలయింది, అదే గదిలో పోయింది. దేవరాజు అప్పుడు తిరుపతిలో పనికి కుదిరి ఉన్నాడు. విషజ్వరమని కబురు పంపాము. ఇప్పటికీ వాడు విషజ్వరమనే అనుకుంటున్నాడు.

గోడ ఎవరినీ కాపాడలేదని నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. తన చేతులతో ఇటుకలు అందించాడు, ఏమని చెప్పను? నువ్వు కూడా చెప్పవద్దు. ఇది నీలోనే ఉండనీ.

వాదించి వాడిని గెలవలేవు. వచ్చే రోహిణికి తీసుకుపో. వీధిలో నిలబెట్టవద్దు, తలుపు లోపల నిలబెట్టు. చిన్నప్పటి నుంచి వాడు పోటుని వీధిలోంచే చూశాడు. లోపలి నుంచి ఏం కనపడుతుందో వాడినే చూడనీ.

మోత పని ఏదైనా ఉంటే భవిత మొగుణ్ణి పిలువు. నువ్వు బరువులు ఎత్తవద్దు.

వదిన.


తిరుపతి,
జనవరి.

వదినకు వరద నమస్కారాలు.

తీసుకుపోయాను. ఏం చెప్పి తీసుకుపోయానో స్వామి క్షమించాలి. నాగులమ్మకు మోకాళ్ళు బాగాలేవు, హారతి పళ్ళెం పట్టుకునే మనిషి లేడని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఆయన అరుగు పక్కనే నిలబడి లోపలికి రానన్నాడు. నాగులమ్మ పళ్ళెం ఆయన చేతికిచ్చి, "యాడ నిలబడతా ఉండావు? సామికి ఈపు సూపిస్తావా? లోపలికి రాప్పా, నేను కొరకనులే" అంది. పళ్ళెంలో కర్పూరం ఉంది కాబట్టి ఆయన గొడవ పెట్టుకోలేకపోయాడు. గడప దాటి లోపల నిలబడ్డాడు.

దివిటీ కనపడింది. డోలు దగ్గరవుతోంది. మధ్యలో ఒకసారి వెనక్కి జరగబోయి నా మీదికి వచ్చాడు. నేను జరగలేదు. జరిగి ఉంటే వెళ్ళిపోయేవాడేమో. వాహనం నేరుగా వచ్చి తలుపు ముందు ఆగింది. ఆయన పళ్ళెం ఎత్తాడు. హారతి ఇచ్చాడు. వాహనం మళ్ళిపోయాక కూడా కర్పూరం పూర్తిగా ఆరిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు.

"ప్రతి నెలా ఈడ ఆగుతాడా?" అని అడిగాడు.

"నేను కాపురానికొచ్చిన కాడ్నించీ ఆగతానే ఉండాడు" అంది నాగులమ్మ.

దారిలో ఆయన టీ కొట్టు దగ్గర ఆగి, టీ తాగకుండా గ్లాసు పట్టుకుని, "సామే ఆ దారిన వొచ్చి నిలబడతా ఉంటే అది పోటెట్లవతాదే" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "తలుపు ఉండనీ" అన్నాడు.

ఆ మాటకు నేను ఏడుస్తానని అనుకున్నాను వదినా. ఏడుపు రాలేదు. కూర్చోవాలనిపించింది, అంతే. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. వచ్చే వారం రిజిస్ట్రేషను.

వరద.


నగరి,
ఫిబ్రవరి.

వరదకు ఆశీస్సులు.

గృహప్రవేశానికి రాలేకపోయాను. ఆర్డరు చీరలు మగ్గం మీద ఉన్నాయి.

నీ మొగుడు ఫోన్ చేశాడు. "సామి మా ఇంటి ముందర ఆగతాడక్కా" అని ఒకటే అరుపు. స్పీకరు పెట్టాల్సిన పని లేకుండానే షెడ్డంతా విన్నది. నాయన పోయినాక వాడి గొంతులో ఆ సంతోషం నేను వినలేదు. ఒక మనిషి మగ్గం ఆపి కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు మాత్రం ఒక సందేహం. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుంటే స్వామి అక్కడే ఎందుకు ఆగుతాడు? ఏదన్నా పాత హక్కా, కట్టుబాటా? రేపు ఎవరన్నా వచ్చి అది ఆ ముసలామెతోనే పోయిందంటే వాడేమవుతాడు? నీకు తెలిసే ఉంటుంది. నువ్వు ఏదో రాయలేదని పోయిన జాబులోనే అనిపించింది. రాయి.

వదిన.


తిరుపతి,
మార్చి.

వదినకు వరద నమస్కరించి రాసేది.

నీకు చెవులు వినపడవు కానీ రాయని మాట మాత్రం వినపడుతుంది.

పోయిన జాబు రాసేటప్పటికి నాకు తెలియదు, ఏదో తేడాగా తోచింది, అంతే. ఇంట్లోకి వచ్చిన మొదటి రోహిణి నాడు తెలిసింది. ఊరేగింపు గుడికి చేరాక, స్వామిని మోసేవాళ్ళలో పెద్దాయన మునిరామయ్య మంచినీళ్ళు అడుగుతూ వెనక్కి వచ్చాడు. పగలు రేణిగుంటలో గోడౌనులో మూటలు దించే మనిషి. అరుగు మీద కూర్చుని చొక్కా పక్కకు లాగి భుజం రుద్దుకుంటున్నాడు. అక్కడ చర్మం చెప్పు అట్టలాగా ఉంది. నీ తమ్ముడు డ్యూటీకి పోయి ఉన్నాడు, ఆ రోజు హారతి నేనే ఇచ్చాను.

"ఈ ఇంటి ముందు ఆపడం మీ పెద్దల నాటి కట్టుబాటా?" అని అడిగాను.

"కట్టుబాటు యాడిదమ్మా. ఈడ వీధి మలుపు గదా. వాహనం కింద కొయ్యలు పొడుగు, ఒక్కసారిగా తిరగవు. ఆపి, ఎడం భుజమోళ్ళు కుడికి మార్చుకుంటేనే తిరగతాది. గుడి కాడ్నించి ఎత్తితే ఈడికి భుజం పడిపోతా ఉంటాది. ఇది మేం భుజం మార్చుకునే సోటు."

అంతే వదినా. హక్కూ లేదు, కట్టుబాటూ లేదు. వీధిపోటు ఉన్నందుకు మలుపు ఉంది, మలుపు ఉన్నందుకు వాళ్ళు ఆగుతారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మోసపోయినట్టు కాదు, ఎట్లా చెప్పాలో తెలియదు. నాగులమ్మను శ్రీకాళహస్తి బస్సు ఎక్కించిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె చేతిలో సంచీ పెడుతూ, "స్వామిని మీ ఇంటి ముందే ఎందుకాపుతారు పెద్దమ్మా" అని నేను ఊరికే అడిగాను. ఆమె కిటికీలోంచి నవ్వింది. "యాడో ఒకసోట ఆపాల గదా మే. నా వాకిట్లో ఆపినారు. వొద్దంటానా" అంది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ నెలనెలా కర్పూరం వెలిగించింది.

తెల్లవారి దీపం పెట్టేటప్పుడు నాకూ ఆ మాట సరిపోయింది. మోసేవాళ్ళ భుజం నొప్పి కోసం స్వామి ఆగితే మాత్రం ఆగినట్టు కాదా? నేను ఇన్ని ఇళ్ళు మారాను, నన్ను ఎక్కడా ఎవరూ భుజం మార్చుకోనివ్వలేదు. ఈ ఇంట్లో కూర్చుంటే నడుము వాలుతుంది. నాకు అది చాలు.

పటాల సంగతి చెప్పలేదు కదా. దిగిన రోజే నీ తమ్ముడు సుత్తీ మేకులూ తెచ్చాడు. పాత సున్నపు గోడ, మేకు కొడితే పిడికెడు సున్నం రాలింది, మేకు ఊడి చేతికి వచ్చింది. మూడు చోట్ల చూశాడు. చివరికి ఆయనే పోయి ఇటుక కడుక్కుని వచ్చి పీట ముందు పెట్టాడు. స్వామి మళ్ళీ గోడకు ఆనుకునే ఉన్నాడు. ఈసారి గోడ మాది.

ఇంకొక్కటి. మునిరామయ్య పోతూ పోతూ, మోసేవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు, కుర్రవాళ్ళు రావడం లేదు, గుడివాళ్ళు చక్రాల బండి చేయించాలని చూస్తున్నారని చెప్పాడు. చక్రాలకు భుజం నొప్పి ఉండదు. మలుపులో ఆగాల్సిన పని లేదు. నువ్వు భయపడింది అదే కదా. నేనూ భయపడ్డాను. అందుకే ఈ నెల నుంచి అరుగు మీద కుండ నిండా పలచటి మజ్జిగ పెడుతున్నాను, అల్లమూ కరివేపాకూ వేసి. హారతి అయ్యాక అందరూ తాగి పోయారు. నాదస్వరం ఆయన రెండు గ్లాసులు తాగాడు. బండి వచ్చినా తోసేవాళ్ళు మనుషులే కదా. దాహమైన చోట ఆగుతారు.

నీ తమ్ముడు మాత్రం మజ్జిగ ఎందుకని అడగలేదు. పుణ్యానికి పెడుతున్నానని అనుకుంటున్నాడు. ఈసారి రోహిణి నాడు డ్యూటీ మార్చుకుని స్నానం చేసి, దివిటీ రాకముందే తలుపులో నిలబడ్డాడు. అత్తగారి సంగతి నేను చెప్పలేదు, చెప్పను. నీ గోడ మాట నా దగ్గరుంది. నా మలుపు మాట నీ దగ్గర ఉండనీ.

ఈ కాగితాలు చింపవద్దు వదినా. నూలు కండెల పెట్టెలో అడుగున పెట్టుకో, ఎవరికీ చూపవద్దు, ముఖ్యంగా నీ తమ్ముడికి. ఉగాదికి ఆయన నగరికి వస్తానంటున్నాడు. వస్తే స్వామి మీ ఇంటి ముందే ఎందుకాగుతాడని ఆయననే అడుగు. చెప్పింది చెప్పినట్టు విను. గట్టిగానే చెబుతాడు, నీకు స్పీకరు అక్కరలేదు.

వరద.